ఇరవై అరల పేజీ: ఒక నాణేల ఆల్బమ్, రెండేళ్ల వాడకం తర్వాత

నాలుగు రింగుల బైండరు, దాన్ని దోపి పెట్టుకోవడానికి ఒక గట్టి అట్టపెట్టె, లోపల పది పారదర్శకమైన పేజీలు, పేజీకీ పేజీకీ మధ్య వేసుకోవడానికి నల్ల కాగితాలు, ఎవరూ అడగకపోయినా జత చేసిన ఒక చిన్న భూతద్దం. రెండేళ్లుగా నేను వాడుతున్న నాణేల ఆల్బమ్ ఇంతే. ఇలాంటివి చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి. పేర్లు వేరైనా నిర్మాణం దాదాపు ఒకటే కనుక దీన్ని ఈ రకం వస్తువు మీద రాసిన సమీక్షగా చదువుకోవచ్చు. ఏ తూనికరాయితో తూచానో ముందే చెప్పడం న్యాయం. నా దగ్గరున్న నాణేల్లో ఏ ఒక్కటీ రేపు ఎక్కువకు అమ్ముదామని తెచ్చుకున్నది కాదు. కొన్ని చిల్లరలో దొరికాయి, కొన్ని ప్రయాణాల్లో మిగిలాయి, కొన్నింటిని బొమ్మ నచ్చి కొన్నాను. అందువల్ల ఈ ఆల్బమ్‌కు నేను పెట్టిన పరీక్ష ఒక్కటే: నాణేలు పాడుకాకుండా ఉంటూనే, వాటిని మళ్లీ మళ్లీ తెరిచి చూడాలనిపిస్తోందా?

మొదట ప్లాస్టిక్ సంగతి. అక్కడ తప్పు జరిగితే మిగతా గుణాలేవీ లెక్కలోకి రావు. దీనికి ముందు నేను వాడిన ఆల్బమ్‌లో పేజీలు మెత్తగా, నున్నగా, చేతికి హాయిగా ఉండేవి. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చేది. ఆ వాసనే హెచ్చరిక అని అప్పట్లో నాకు తెలియదు. మూడేళ్లు గడిచాక ఒక రోజు తీసి చూస్తే, రాగి కలిసిన నాణేల మీద పల్చటి ఆకుపచ్చ జిగురు పేరుకుని ఉంది. ఆ పేజీలు పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. దాన్ని మెత్తబరచడానికి కలిపే ప్లాస్టిసైజర్లు కాలక్రమంలో బయటికి ఊరతాయి. పీవీసీ తాను విచ్ఛిన్నమవుతూ విడుదల చేసే హైడ్రోజన్ క్లోరైడ్ గాలిలోని తేమతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. వెండి నాణేలు కూడా దీన్ని తప్పించుకోలేవు, స్టెర్లింగ్ వెండిలో సైతం వెయ్యికి 925 పాళ్లే వెండి, మిగిలినది సాధారణంగా రాగి. జిగురు పైపైన ఉన్న దశలో స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీస్తే పోతుంది. నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట చేయవలసిన పని అది. గోళ్ల రంగు తుడిచే ద్రావణంలో సువాసనలు, నూనెలు కలిపి ఉంటాయి గనుక దాన్ని ఇందుకు వాడకూడదు. ఆమ్లం లోహాన్ని కొరికేసిన తర్వాత మాత్రం ఆ గుంటలు పూడవు. నా దగ్గర ఏడు నాణేలకు అలాంటి గుంటలున్నాయి. వాటిని పారేయడానికి మనసొప్పక ఈ కొత్త ఆల్బమ్ చివరి పేజీలో చోటిచ్చాను.

అందుకే ఈసారి పేజీలు పాలీప్రొపిలీన్‌తో చేశామని పెట్టె మీద రాసి ఉన్నా, నమ్మేముందు పరీక్షించుకున్నాను. పేజీ అంచున, రింగుల కోసం వదిలిన పట్టీ నుంచి గోరంత ముక్క కత్తిరించి నీళ్లలో వేసి, వేలితో అడుక్కి నొక్కి వదిలాను. పాలీప్రొపిలీన్ నీటికంటే తేలిక కాబట్టి పైకి తేలాలి, పీవీసీ అయితే మునిగిపోవాలి. ముక్క తేలింది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. నాణేలకు హాని చేయని పాలియెస్టర్ కూడా నీళ్లలో మునుగుతుంది, కనుక మునిగిన ప్రతిదీ చెడ్డదని తీర్మానించలేము. తేలినది పీవీసీ కాదని మాత్రం తెలుస్తుంది, నాకు కావలసింది అంతవరకే. రెండేళ్ల తర్వాత ఇప్పుడు చూస్తే పేజీల్లో వాసన లేదు, నాణేల మీద జిడ్డు లేదు, పేజీలు కొద్దిగా పెళుసెక్కిన సూచన కూడా కనిపించడం లేదు. ఈ ఒక్క విషయంలో ఆల్బమ్‌కు పూర్తి మార్కులు వేస్తాను.

ప్లాస్టిక్ అంటేనే గిట్టక చెక్క సొరుగుల వైపు వెళ్లాలనుకునేవారికి ఒక మాట. పలుచని సొరుగులున్న చెక్క బీరువా చూడముచ్చటగా ఉంటుంది, మహాగనితో చేసినవాటికి ఈ రంగంలో పాత గౌరవం ఉంది. అయితే ఓక్ వంటి కొన్ని చెక్కల నుంచి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరులు వెలువడుతూనే ఉంటాయి, వాటికి సీసం అసలు తట్టుకోలేదు. శాతవాహనులు సీసంతో విరివిగా నాణేలు ముద్రించారు. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచిన అటువంటి నాణెం సరిపడని చెక్క సొరుగులో కొన్నేళ్లకే తెల్లటి పొడిగా రాలడం మొదలుపెట్టవచ్చు. సీసం నాణేల విషయంలో ఈ ఆల్బమ్ ప్లాస్టిక్కే మేలు, పక్కన నాసిరకం కాగితాన్ని పెట్టనంతవరకు.

ఇక అరలు. పేజీకి ఇరవై, అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు, ఒక్కొక్కటి సుమారు 45 మిల్లీమీటర్లు. 38.1 మిల్లీమీటర్ల పాత అమెరికన్ మోర్గాన్ వెండి డాలరు ఇందులో దర్జాగా కూర్చుంటుంది, 18 మిల్లీమీటర్లకు కాస్త తక్కువైన అమెరికన్ డైమ్ (పది సెంట్ల నాణెం) మాత్రం ఖాళీ గదిలో ఒక్క మంచం వేసినట్టు ఒక మూలకు జారిపోతుంది. పేజీ కదిలినప్పుడల్లా చిన్న నాణేలన్నీ తలకిందులవుతూ, పక్కకు ఒరుగుతూ ఉంటాయి, ప్రతిసారీ వాటిని సరిచేయడం విసుగు పుట్టించే పని. కిటికీ ఉన్న అట్టచట్రాల్లో నాణేన్ని ఇమిడ్చి పెడితే ఈ బాధ తీరుతుంది, కానీ ఆ చట్రాల పిన్నులు పక్క నాణేన్ని గీస్తాయి, పైగా నాణేన్ని చేతిలోకి తీసుకోవాలంటే ప్రతిసారీ పిన్నులు ఊడదీయాలి. నేను చిన్న నాణేల వెనుక ఆమ్లం లేని కాగితపు చీటీని చతురస్రంగా మడిచి పెడుతున్నాను. నాణెం కొంత నిలకడగా ఉంటుంది, ఎక్కడ దొరికిందో, ఏ సంవత్సరపుదో ఆ చీటీ మీదే రాసుకోవచ్చు. తయారీదారులు 30 చిన్న అరల పేజీలను రెండైనా ఇదే పెట్టెలో కలిపి ఉంటే ఈ తంటా ఉండేది కాదు.

నల్ల కాగితాల గురించి నా అభిప్రాయం రెండు రకాలుగా ఉంది. వాటి ముందు వెండి మెరుస్తుంది, పాత రాగికి లోతు వస్తుంది. కానీ నాణెపు వెనుక వైపును అవి పూర్తిగా మూసేస్తాయి. బొమ్మ చూసి మురిసి, బొరుసు చూడాలంటే కాగితం తీయాల్సిరావడం ఏం సౌఖ్యం? మొదటి నెలలోనే వాటన్నిటినీ తీసి అట్టపెట్టెలో పెట్టేశాను. పేజీలు నేరుగా తిప్పితే రెండు ముఖాలూ కనిపిస్తున్నాయి. ఎదురెదురు పేజీల్లోని నాణేలు ఒకదాన్నొకటి తాకుతాయేమోనని భయపడ్డాను గానీ మధ్యలో రెండు పొరల ప్లాస్టిక్ ఉంది కనుక గీతలేమీ పడలేదు.

కాగితాలు తీసేసిన తర్వాతే ఈ ఆల్బమ్ నాకు ఒక పాఠం నేర్పింది. పుస్తకం పేజీలా ఎడమకు తిప్పితే కొన్ని నాణేల బొరుసు నిటారుగా కనిపిస్తోంది, కొన్నింటిది తలకిందులుగా. మొదట నేనే తప్పుగా పెట్టాననుకుని సరిచేశాను, మరుసటి వైపు తిప్పితే బొమ్మ తిరగబడింది. అసలు సంగతి టంకశాలల పద్ధతిలో ఉంది. యూరో నాణేల్లో, నేటి బ్రిటిష్, జపాన్ నాణేల్లో రెండు ముఖాల తలలూ ఒకే వైపు ఉంటాయి. అమెరికన్ నాణేల్లో, పాత ఫ్రెంచి ఫ్రాంకుల్లో ఒక ముఖపు తల ఉన్న చోట రెండో ముఖపు పాదం ఉంటుంది, వాటిని పైనుంచి కిందికి తిప్పితేనే రెండో వైపు సరిగ్గా కనిపిస్తుంది. సుత్తితో కొట్టి ముద్రించిన ప్రాచీన నాణేలకు ఇలాంటి క్రమం చాలాసార్లు ఉండదు. పై అచ్చును పనివాడు చేత్తో పట్టుకునేవాడు కనుక అది ఏ కోణంలో నిలిస్తే ముద్ర ఆ కోణంలోనే పడేది. అందుకే మ్యూజియం జాబితాల్లో ఆ కోణాన్ని గడియారపు ముల్లు లెక్కలో, 6 గంటలు, 9 గంటలు అని నమోదు చేస్తారు. ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్నప్పుడు నా కంట పడని ఈ తేడాను ఒక పేజీ తిప్పడం పట్టించింది. ఇప్పుడు ప్రతి చీటీ మీదా చిన్న బాణం గుర్తు వేసుకుంటున్నాను.

రెండు ముఖాలనూ ఇంత బాగా చూపించే ఈ ఆల్బమ్ మూడో దాన్ని, అంటే అంచును, బొత్తిగా దాచేస్తుంది. పేజీలో పెట్టే ఏ పద్ధతికైనా ఈ లోపం తప్పదనుకుంటాను. అయినా నాకు ఇదే పెద్ద ఫిర్యాదు. వెండి నాణేల అంచులను కొద్దికొద్దిగా కత్తిరించి, నాణేన్ని మాత్రం పూర్తి విలువకు చెల్లించే మోసం ఒకప్పుడు విపరీతంగా సాగేది. ఆ కత్తెరను అడ్డుకోవడానికే అంచు మీద గాట్లు, అక్షరాలు వచ్చాయి. ఇంగ్లండులో 1662 నాటి క్రౌను అనే పెద్ద వెండి నాణెం అంచు మీద ‘డెకుస్ ఎట్ టుటామెన్’ అని లాటిన్‌లో ముద్రించారు. అలంకారమూ రక్షణా అని దాని అర్థం. అంచు చేసే రెండు పనులనూ అంచు మీదే చెప్పిన ఆ తెలివి నాకు ఎంతో ఇష్టం. ఐజాక్ న్యూటన్ 1696లో లండన్ టంకశాలలో వార్డెన్ అనే అధికారిగా చేరేనాటికి, కత్తెరకు బలై అరిగిన పాత వెండి నాణేలన్నిటినీ వెనక్కి తీసుకుని మళ్లీ ముద్రించే మహాకార్యం నడుస్తోంది. నేటి రెండు యూరోల నాణేనికి కూడా దేశాన్ని బట్టి అంచు మారుతుంది, జర్మనీ నాణెం అంచున ఐక్యత, న్యాయం, స్వేచ్ఛ అన్న మాటలు జర్మన్‌లో తిరుగుతాయి. అవి చదవాలంటే అరలోంచి నాణేన్ని తీయక తప్పదు. అర మూతి బిగువుగా ఉండటం వల్ల, తీసేటప్పుడు నాణెం ముఖం ప్లాస్టిక్‌కు రాసుకుంటుంది. వేళ్లతో అంచులే పట్టుకుని, కింద మెత్తటి గుడ్డ పరిచి తీయడం అలవాటు చేసుకోవాలి, ముఖం మీద వేలిముద్ర పడితే రాగి దాన్ని చాలాకాలం గుర్తుంచుకుంటుంది.

ఈ రాపిడి చేతులు మారి అరిగిన నాణేలకు ఏమంత నష్టం కాదు. సేకర్తల కోసం ప్రత్యేకంగా ముద్రించే, అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలకు మాత్రం వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. నా దగ్గరున్న రెండు ప్రూఫ్ నాణేలను గుండ్రటి గట్టి క్యాప్సూళ్లలో విడిగా ఉంచాను. ప్రూఫ్‌లే సేకరించేవారు ఈ ఆల్బమ్ జోలికి రాకపోవడం మంచిది.

అరల మీద ఏ పేరూ ముద్రించి లేకపోవడం నేను ఎన్నుకుని తెచ్చుకున్న గుణం. ఏ సంవత్సరపు నాణెం ఏ రంధ్రంలో ఉండాలో ముందే అచ్చువేసిన ఆల్బమ్‌లు కూడా ఉన్నాయి, వాటి ఆకర్షణను తక్కువ చేయను. 1930ల అమెరికాలో, మాంద్యం రోజుల్లో, రంధ్రాలున్న అట్టబోర్డులు తెచ్చుకుని రోజువారీ చిల్లరలోంచి సెంట్లు ఏరి నింపడం ఇంటిల్లిపాదికీ ఆటగా మారింది. 1999 నుంచి 2008 వరకు ఏడాదికి ఐదు చొప్పున యాభై రాష్ట్రాల పేరిట క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) విడుదలైనప్పుడు అదే ఆట మళ్లీ సాగింది. ఖాళీ రంధ్రానికి ఒక లాగుడు ఉంటుంది, నిజమే. అయితే అక్కడ క్రమం ఎవరో నిర్ణయించినది. పేరు లేని అరల్లో క్రమం నాది, నచ్చకపోతే ఒక్క సాయంత్రంలో అంతా మార్చేయవచ్చు. దేశాల వారీగా మొదలుపెట్టి, ఆరు నెలలకు ఆ పద్ధతి విడిచిపెట్టి, ఇప్పుడు పేజీకో ఊహ పెట్టుకున్నాను.

ఒక పేజీ నిండా రంధ్రం ఉన్న నాణేలే. జపాన్ ఐదు యెన్ల ఇత్తడి నాణెం, యాభై యెన్ల తెల్ల నాణెం, డెన్మార్క్ క్రోను, చతురస్రపు రంధ్రంతో చైనా పాత కాసులు. ఐదు యెన్ల మీద విలువ అంకెలో ఉండదు, జపాన్ లిపిలోనే ఉంటుంది, ఆ లిపి రాని నాలాంటి వాడికి అది మొదట ఎంత విలువదో తెలియని నాణెం. ఇంకో పేజీలో గుండ్రంగా లేనివి. 1969లో వచ్చిన బ్రిటన్ యాభై పెన్స్‌కు ఏడు వైపులు, ఆ వైపులు కొద్దిగా ఉబ్బి ఉండటం వల్ల ఎటు కొలిచినా వెడల్పు ఒకటే, కనుక నాణేలతో నడిచే యంత్రాల్లో చిక్కుకోదు. మరో పేజీలో గ్రీసు ఒక యూరో. దాని మీది గుడ్లగూబ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ నాలుగు ద్రాక్మాల నాణెం నుంచి దిగివచ్చింది. అసలు ఏథెన్స్ గుడ్లగూబను నేను కొనలేను, కొనాలన్న తపన కూడా లేదు. దాని మనవడు చిల్లరలో కలిసి నా చేతికొచ్చాడు, దాని పక్క అరను ఖాళీగా వదిలాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఐర్లండు పేజీ. ఆ దేశం 1928లో తొలి స్వతంత్ర నాణేలు తెచ్చినప్పుడు, కవి యేట్స్ అధ్యక్షుడిగా ఉన్న సంఘం రాజుల తలలకు, వీరుల తలలకు బదులు పశుపక్ష్యాదులను ఎంచుకుంది. పెర్సీ మెట్‌కాఫ్ గీసిన ఆ ఎనిమిది బొమ్మల్లో అరక్రౌను మీద గుర్రం, ఫ్లోరిన్ మీద సాల్మన్ చేప, షిల్లింగు మీద ఎద్దు, ఆరు పెన్నీల మీద వేటకుక్క, మూడు పెన్నీల మీద కుందేలు, పెన్నీ మీద పిల్లలతో కోడి, అరపెన్నీ మీద పిల్లలతో పంది, అన్నిటికంటే తక్కువ విలువైన ఫార్దింగు మీద వుడ్‌కాక్ పిట్ట. పెద్ద విలువ నుంచి చిన్న విలువకు రెండు వరుసల్లో పేర్చితే ఒక పెరడు మొత్తం పేజీ మీద నడుస్తున్నట్టుంటుంది. నా కోడి బాగా అరిగింది, కంటి స్థానంలో ఒక చుక్క మిగిలింది. ఎన్ని జేబులు తిరిగితే అంత అరుగుతుందో ఊహించుకోవడం నాకు మెరిసే కొత్త కోడిని చూడటం కంటే ఇష్టం.

ఈ మాట అన్నప్పుడు సీలు వేసిన పలకల ప్రస్తావన రాక మానదు. నాణేన్ని నిపుణులు పరిశీలించి, 1 నుంచి 70 వరకు అంకె వేసి, తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ పలకలో బిగించే పద్ధతి 1986, 1987ల్లో మొదలైన పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలతో విస్తరించింది. ఆ అంకెల మూలం అంతకు ముందుది. 1949లో విలియం షెల్డన్ అనే నాణేల సేకర్త పాత అమెరికన్ పెద్ద సెంట్ల కోసం ఆ కొలమానాన్ని రూపొందించినప్పుడు, 70 అంకె పొందిన నాణెం ధర 1 అంకె పొందినదానికి డెబ్భై రెట్లు ఉండాలన్న లెక్క పెట్టుకున్నాడు. అంటే ఆ అంకె పుట్టుకలోనే ధర ఉంది. ఎదుటివారిని చూడకుండా దూరం నుంచి కొనేవారికి, నకిలీలకు భయపడేవారికి పలక అవసరమే, దాన్ని తప్పుపట్టను. కానీ పలకలో ఉన్న నాణేనికి బరువు ఉండదు, అంచు ఉండదు, చల్లదనం ఉండదు. దాన్ని పట్టుకుంటే చేతికి తగిలేది ప్లాస్టిక్కే. ఈ ఆల్బమ్ అర తెరిచే ఉంటుంది గనుక, రెండు వేళ్లు పెడితే నాణెం బయటికి వస్తుంది.

బైండరు విషయానికొస్తే మెప్పు కొంత తగ్గుతుంది. నాణెం సగటున ఏడు గ్రాములనుకున్నా, రెండు వందల అరలూ నిండితే లోహమే దాదాపు 1.4 కిలోలు. ఆ బరువుకు గుండ్రటి రింగులైతే నోరు తెరిచేవి. ఇందులో ఒక వైపు నిటారుగా ఉండే రింగులు వేశారు కనుక ఇంతవరకు తట్టుకున్నాయి, అయినా రెండో రింగు కొస ఇప్పుడు వెంట్రుకవాసి తేడాతో కలుస్తోంది, పేజీ తిప్పేటప్పుడు అక్కడ తగులుకుంటోంది. పుస్తకంలా నిలబెట్టి ఉంచితే పేజీలు కిందికి వేలాడి అరల అడుగులు సాగుతాయి. నేను ఎనిమిది పేజీలకు మించి పెట్టడం మానేసి, పడుకోబెట్టి ఉంచుతున్నాను. పడుకోబెడితే అట్టపెట్టె వల్ల ఉపయోగం సగానికి తగ్గుతుంది. ఆ పెట్టెలో ఒక చిన్న సిలికా జెల్ పొట్లం వేసి ఉంచితే తేమకు భయం ఉండదు, వెండిని నల్లబరిచే గంధకపు వాయువులను మాత్రం అది ఆపలేదు. వెండి నల్లబడటం నాకు అభ్యంతరం కాదు, దాన్ని రుద్ది మెరిపించడమే అభ్యంతరం.

జతగా వచ్చిన భూతద్దం ఆటవస్తువు. అంచుల్లో బొమ్మ వంగిపోతుంది, మధ్యలో కూడా టంకశాల గుర్తు తేటగా కనిపించదు. ఐదు రెట్లు పెంచి చూపే గాజు భూతద్దం ఒకటి విడిగా కొనుక్కుంటే అక్షరాలు, అచ్చు పగుళ్లు, అరుగుదల చక్కగా కనిపిస్తాయి. పది రెట్లది అంతకంటే మేలనిపిస్తుంది గానీ దానిలో ఒకసారికి నాణెంలో కొంత భాగమే పడుతుంది, మొత్తం బొమ్మను చూసే సుఖం పోతుంది.

కొనదలచినవారికి ఒక హెచ్చరిక. అదనపు పేజీలను బైండరుతో పాటే, అదే తయారీదారు దగ్గరే తీసుకోండి. రింగుల మధ్య దూరం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంది. చిన్న నాణేల కోసం నేను వేరేచోట తెప్పించిన 30 అరల పేజీలు మూడు ఈ రింగుల్లో పట్టలేదు. అందులో ఒకదానిలో ఐర్లండు ఫార్దింగులను సర్ది, బైండరులో చేర్చలేక, అట్టపెట్టెలో నల్ల కాగితాల మీద విడిగా పడుకోబెట్టాను.